చవితి చంద్రుడు, కలర్ పెన్సిళ్ల డబ్బా

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆమె పుట్టిల్లు టెక్కలి వైపు. పెళ్లయి పదేళ్లయింది. భర్త పర్లాకిమిడిలోనే పుట్టి పెరిగిన తెలుగువారు. ఒడియా ధారాళంగా మాట్లాడతారు. బజారులో చిన్న షాపు ఉంది. ఆమెకు మాత్రం ఒడియా అర్థమవుతుందే తప్ప నోరు తిరగదు. ఇంట్లో అత్తగారు, ఎనిమిదేళ్ల పాప. ఒక్కతే కూతురు.

వినాయక చవితి రోజు పొద్దున పూజ జరుగుతుంటే పాప పక్క గదిలోకి జారుకుని, సౌండ్ తగ్గించి కార్టూన్ పెట్టుకుంది. తల్లి వంటింట్లో ఉండ్రాళ్లు దించుతోంది. చూసింది గానీ పిలవలేదు. అత్తగారు కథ చదివి అందరి నెత్తినా అక్షింతలు వేసేసరికి పాప అక్కడ లేదు. సాయంత్రం "ఎవరూ చంద్రుణ్ణి చూడకండి" అని నాన్నమ్మ చెబితే, పాప డాబా ఎక్కి "నాన్నమ్మా, చూసేశాను! ఏమీ కాలేదు! చంద్రుడంటే రాయే!" అని కేకేసింది. పిల్లలు రాకెట్‌లో చంద్రుడి మీదికి వెళ్లే కార్టూన్ ఒకటి ఆ మధ్య చూసిందట.

నాలుగో రోజు బడిలో పక్క సీటు అమ్మాయి కలర్ పెన్సిళ్ల డబ్బా పోయింది. ఈ పాప ఆ బ్యాగు దగ్గర నిలబడటం చూశామని ఎవరో అన్నారు. టీచర్ అందరి ముందు పాప బ్యాగు వెతికారు. ఏమీ దొరకలేదు. అయినా పిల్లలు "చోరొ, చోరొ" అంటున్నారు. ఏడుస్తూ ఇంటికొస్తే నాన్నమ్మ "చవితి చంద్రుణ్ణి చూశావు కదే, నింద పడకుండా ఎలా ఉంటుంది?" అంది. ఆ మాట విని తండ్రి సెట్‌టాప్ బాక్స్ పీకి బీరువా మీద పెట్టేశారు.

అది జరిగి పన్నెండు రోజులు. ఆరు కొట్టేసరికి పాప తనే వెళ్లి కిటికీలు మూసేస్తోంది. డాబా ఎక్కడం లేదు. రాత్రిళ్లు తల్లి చెయ్యి వదలడం లేదు. "అమ్మా, నింద ఇంకా ఎన్నాళ్లుంటుంది?" అని అడుగుతోంది. "అదంతా ఉత్త కథ, చంద్రుడు రాయి, నువ్వే చెప్పావు కదా" అని తల్లి అంటే, "మరి డబ్బా ఎందుకు పోయింది?" అందట.

ఆమె అడుగుతున్నవి ఇవి. కథ అబద్ధమని అత్తగారి ఎదుటే గట్టిగా చెప్పేయాలా? తప్పు టీవీదా, నాదా? కొత్త డబ్బా కొని ఆ అమ్మాయికి ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుందా? బడి మార్చేయమంటారా?

*

అమ్మా, మీ ఉత్తరంలో టీవీ గురించి పేజీన్నర ఉంది. అత్తగారి మాట గురించి ఒక పేజీ ఉంది. ఆ పెన్సిళ్ల డబ్బా తర్వాత దొరికిందో లేదో ఒక్క ముక్క కూడా లేదు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లు చంద్రుడి గురించీ టీవీ గురించీ వాదించుకుంటున్నారు. డబ్బా గురించి అడుగుతున్నది మీ పాప ఒక్కతే. చంద్రుడు రాయి అని ఆ పిల్లకు మీకంటే ముందే తెలుసు. తెలిసీ భయపడుతోందంటే, ఆ భయం చంద్రుడిది కాదు. పదిమందిలో దొంగ అనిపించుకుంది, కాదని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ బాధకు ఇంట్లో దొరికిన కారణం నాన్నమ్మ చెప్పిన మాట ఒక్కటే కాబట్టి దాన్నే పట్టుకుంది.

అందుకని ముందు మీ అత్తగారు చదివిన కథలోకే వెళదాం. కథ అబద్ధమని చెప్పాలా అని అడిగారు. మీ ఇంట్లో ఎవరూ పాపకు కథ పూర్తిగా చెప్పలేదని నాకనిపిస్తోంది. గణపతిని చూసి చంద్రుడు నవ్వడం, పార్వతి శపించడం అందరూ చెబుతారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. నింద పడింది సాక్షాత్తు కృష్ణుడి మీద. పాలలో చంద్రుడి నీడ చూశాడు, అంతే. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని ద్వారకలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు కృష్ణుడు కిటికీలు మూసుకుని కూర్చోలేదు. ఊళ్లోవాళ్లను వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. ప్రసేనుడి శవం దగ్గర సింహం అడుగులు చూశాడు. చచ్చిపడి ఉన్న సింహం దగ్గర ఎలుగుబంటి అడుగులు చూశాడు. ఆ జాడ పట్టుకుని గుహలోకి దిగాడు. భాగవతం లెక్క ప్రకారం జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడాడు. మణి తెచ్చి, సత్రాజిత్తును సభకు పిలిపించి, అందరి ముందు జరిగింది చెప్పి అప్పగించాడు. నింద వేసినవాడు సిగ్గుపడ్డాడు.

ఎనిమిదేళ్ల పిల్లకు ఇంతకంటే పనికొచ్చే కథ ఏ చానల్లో వస్తుంది? నింద పడ్డవాడు తప్పు చేసినవాడు కాదని ఇందులో ఉంది. నిజం జాడ పట్టుకుని వెతకాలని ఉంది. నలుగురిలో పడ్డ మాట నలుగురిలోనే పోవాలని ఉంది. మీ పాప విన్నది మాత్రం ఆ మొదటి ముక్క, శాపం ముక్క.

ఇంకొకటి. చవితి చంద్రుణ్ణి చూస్తే చదువుకోమని పెద్దలు చెప్పే శ్లోకం మీ అత్తగారికి తప్పకుండా వచ్చి ఉంటుంది. సింహం ప్రసేనుణ్ణి చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు, అని మొదలవుతుంది. దాని రెండో వరుస ఏమిటో ఎప్పుడైనా గమనించారా? "సుకుమారక మా రోదీః." బుజ్జి తండ్రీ, ఏడవకు, ఈ మణి నీదే, అని. గుహలో బిడ్డను ఆడిస్తూ దాది పాడిన జోల అది. నిందకు విరుగుడని మనవాళ్లు తరతరాలుగా చదువుతున్నది ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టే మాట. ఆ మాట మీ పాపకు చెప్పవలసింది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక చేయవలసినవాటికి వస్తాను. ఇందులో ఏది ఎంచుకుంటారన్నది మీ ఇష్టం. దేని వెనక ఏముందో మాత్రం చెబుతాను.

బడికి వెళ్లడం అన్నిటికంటే ముందు అని నా ఉద్దేశం. మీరెందుకు వెళ్లలేదో మీరు రాయకపోయినా అర్థమవుతోంది. టీచర్ ఒడియాలో రెండు మాటలు గట్టిగా అంటే తిరిగి చెప్పలేనని మీ టెన్షన్. మీ ఆయన్ని వెళ్లమనండి. ఆయనకు భాష ఉంది, ఊరు ఊరంతా తెలుసు. సెట్‌టాప్ బాక్స్ పీకింది కూడా కూతురి మీద ప్రేమతోనే. ఏదో ఒకటి చేయాలనిపించింది, చేతికి అందింది అది. అంతకంటే పెద్ద పని ఉందని చెప్పండి. పోట్లాటకు కాదు, డబ్బా దొరికిందా అని అడగడానికి వెళ్లమనండి. పన్నెండు రోజుల్లో అది ఏ బెంచీ కిందో, ఆ అమ్మాయి ఇంట్లోనో దొరికే ఉండొచ్చు, ఎవరికీ చెప్పాలని తోచకపోయి ఉండొచ్చు. దొరికితే, ఆ సంగతి క్లాసులో చెప్పమని టీచర్‌ని అడగండి. దొరక్కపోతే, "బ్యాగు వెతికాం, ఏమీ లేదు, ఇక ఎవరూ ఆ మాట అనకూడదు" అని చెప్పమనండి. వెతికింది అందరి ముందు కాబట్టి చెప్పడమూ అందరి ముందే జరగాలి. టీచర్ కుదరదంటే హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లే హక్కు మీకుంది. వెళితే టీచర్ మనసులో పెట్టుకుంటారేమో అన్న భయం ఉంటుంది. అది ఉత్త భయమని నేననను. కానీ ఇంటి నుంచి ఎవరూ రాకపోతే పిల్లలు "చోరొ" అనడం మానరు. తన తరఫున అమ్మానాన్నలు కూడా మాట్లాడలేదన్న సంగతి పాప మనసులో ఉండిపోతుంది.

కొత్త డబ్బా కొని ఇవ్వడం మాత్రం వద్దు. మీ మనసు మంచిదే. కానీ ఎనిమిదేళ్ల పిల్లలు దాన్ని ఒక్కలాగే అర్థం చేసుకుంటారు. తీసింది కాబట్టే ఇచ్చిందంటారు. మీ పాప కూడా అలాగే అనుకుంటుంది, నాకు ఆ భయమే ఎక్కువ.

బడి మార్చడం ఇప్పుడే ఆలోచించకండి. పర్లాకిమిడి పెద్ద ఊరేం కాదు. ట్యూషన్లో, బజారులో, పెళ్లిళ్లలో అవే మొహాలు కనిపిస్తాయి. బడిలో మాట్లాడి చూశాక, నెల రెండు నెలలైనా పిల్లలు వేధిస్తూనే ఉంటే అప్పుడు మారిస్తే తప్పులేదు. ఇప్పుడు మారిస్తే నింద కూడా బ్యాగుతో పాటు కొత్త బడికి వస్తుంది.

కథ అబద్ధమని అత్తగారి ఎదుట చెప్పేయడం గురించి. చెబితే పాపకు ఆ రాత్రికి కాస్త ఊపిరి ఆడొచ్చు. కానీ మర్నాడు నాన్నమ్మ ఒడిలో ఎలా కూర్చోవాలో తెలియక అవస్థ పడుతుంది. ఆవిడ చెప్పే మిగతా మాటలన్నీ కూడా అబద్ధమేనా అని అనుమానం వస్తుంది. మీకూ అత్తగారికీ మధ్య మాట పెరుగుతుంది, దాని బరువు పాప మీదే పడుతుంది. పైగా ఒకసారి చెప్పి చూశారు కదా, డబ్బా ఎందుకు పోయిందని తిరిగి అడిగింది. అలాగని నిజం దాచమని నేననడం లేదు. నమ్మకం ఒకటి, జరిగింది ఒకటి అని రెండూ విడదీసి చెప్పొచ్చు. "నాన్నమ్మ వాళ్ల పెద్దవాళ్లు చవితి నాడు చంద్రుణ్ణి చూసేవాళ్లు కాదు, అది మన ఇంటి పద్ధతి. డబ్బా ఎవరో పారేసుకున్నారు, లేదా ఎవరో తీశారు. నువ్వు తీయలేదు. చంద్రుణ్ణి చూడటం తప్పు పని కాదు, దొంగతనం తప్పు పని. అది నువ్వు చేయలేదు." ఇంత పొడుగ్గా ఒకేసారి వద్దు. తల దువ్వుతూ ఒక మాట, అన్నం పెడుతూ ఒక మాట.

చంద్రుడు రాయి అన్న సంగతీ, పండగా ఒకదానితో ఒకటి పోట్లాడుకోవలసిన అవసరం లేదని కూడా పాపకు తెలియనివ్వండి. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ దిగిన చోటికి పెట్టిన పేరు శివశక్తి. గణపతి అమ్మానాన్నల పేరే కదా. నాన్నమ్మకు ఈ మాట పాప చేతే చెప్పించండి. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక దారి దొరుకుతుంది.

అత్తగారితో ఎలా మాట్లాడాలన్న సంగతి. నాకావిడ మీద కోపం రాలేదు. పూజ పీట ముందు కూర్చుని కథ చదువుతుంటే మనవరాలు లేచి వెళ్లిపోయింది. డాబా మీద నుంచి, మీ మాట ఉత్తదే అని కేకేసింది. ఆ నొప్పి ఆవిడ లోపల ఉంది. నింద వార్త రాగానే అదే పైకొచ్చింది. పిల్లను భయపెట్టాలని అన్న మాట అయి ఉండదు. మీరు నిలదీయకండి. "అత్తయ్యా, పాప రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. మీరు కథ మళ్లీ ఒకసారి చెప్పి అక్షింతలు వేస్తే ధైర్యం వస్తుంది" అని అడగండి. ఆ మాట చాలు. అక్షింతలు వేస్తే భయం నిజమేనని ఒప్పుకున్నట్టు కాదా అని మీకు అనిపించొచ్చు. కొంతవరకు అవును. అందుకే బడి పని ముందు జరగాలంటున్నాను. నింద పోయింది అక్షింతల వల్ల కాదు, నాన్న వెళ్లి మాట్లాడటం వల్ల అని పాపకు తెలిశాక, నాన్నమ్మ చెయ్యి ఆశీర్వాదమే అవుతుంది.

అయితే పుస్తకం చూసి చదవొద్దని చెప్పండి, నోటితో చెప్పమనండి. వ్రతకథ పుస్తకంలో తెలుగు పెద్దవాళ్లకే సగం అర్థం కాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకునే పిల్లకు అసలే అర్థం కాదు. కార్టూన్‌లో మాట తేట తెలుగులో ఉంటుంది. పాప లేచి వెళ్లిపోవడానికి టీవీ ఎంత కారణమో ఆ భాషా అంత కారణం. జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాటం మొదలుపెట్టింది మీ ఊళ్లో పంతులుగా ఉంటూనే. వందేళ్లు దాటినా మన పూజ గదుల దాకా ఆ మాట రాలేదు.

టీవీ సంగతి. మీ అత్తగారు 1987లో ఆదివారం పొద్దున్నే తలంటుకుని, పక్కింట్లో దూరదర్శన్ రామాయణం చూడటానికి వెళ్లేవారని మీరే రాశారు. టీవీకి దండ వేసి కొబ్బరికాయ కొట్టిన ఇళ్లు కూడా అప్పుడున్నాయి. అదే పెట్టె ఇప్పుడు పిల్లల్ని చెడగొట్టేదయింది. మారింది పెట్టె కాదు. అప్పుడు వీధి వీధంతా ఒక గదిలో కూర్చుని చూసేది. పిల్ల అడిగితే చెప్పడానికి పక్కన పదిమంది ఉండేవారు. మీ పాప చవితి రోజు పక్క గదిలో, సౌండ్ తగ్గించుకుని, ఒక్కతే చూసింది.

అమెరికాలో సెసమీ స్ట్రీట్ అని 1969 నుంచి వస్తున్న పిల్లల కార్యక్రమం ఉంది. దాన్నే మన దేశానికి తగ్గట్టు 2006లో గలీ గలీ సిమ్ సిమ్ పేరుతో తెచ్చారు. ఆ అమెరికా కార్యక్రమంలో దుకాణం తాతగా వేసే నటుడు చనిపోతే, ఆయన ఊరెళ్లాడని పిల్లలకు అబద్ధం చెప్పకుండా, చనిపోయాడనే చెప్పారు. 1983 నవంబరు 24న, అక్కడ పెద్ద పండగైన థ్యాంక్స్‌గివింగ్ రోజున అది వేశారు. ఆ రోజైతే అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు, పిల్లలకు ఏం అడగాలనిపించినా పక్కనే అడగొచ్చని ఆ రోజు ఎంచుకున్నారు. టీవీ తీసేవాళ్లే పెద్దవాళ్లు పక్కనుండాలని కోరుకున్నారు చూడండి.

బాక్స్ బీరువా మీదే ఉంచేస్తే ఏమవుతుంది? ఇల్లు కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది. నాన్నమ్మ దగ్గర కూర్చునే సమయమూ పెరగొచ్చు. కానీ చంద్రుణ్ణి చూసినందుకే ఈ శిక్ష అని పాప ఇప్పటికే అనుకుంటోంది, అది ఖాయమైపోతుంది. పక్కింటి ఫోన్ ఎలాగూ ఉంది. ఇంకో మాట, సరిహద్దులో ఉన్నవాళ్లం కాబట్టి చెబుతున్నాను. బడిలో తెలుగు లేని పిల్లకు ఖుషి టీవీ లాంటి తెలుగు కార్టూన్ చానల్ రోజూ వినిపించే తెలుగును నేను తక్కువ చేయలేను. భీముడు ఢోలక్‌పూర్‌లో ఉంటాడని పాప అంటే మీ అత్తగారు నొచ్చుకున్నారని రాశారు. ఆ ఛోటా భీమ్‌ను తయారుచేసింది మన హైదరాబాద్‌లోనే. ఆ భీముడు వేరు, ఈ భీముడు వేరు అని ఆవిడే కూర్చోబెట్టి చెప్పొచ్చు. పిల్ల కుంతి కొడుకు కథ కూడా వింటుంది.

అలాగని ఎంతసేపైనా చూడనివ్వమని కాదు. అయిదు నుంచి పదేళ్ల లోపు పిల్లలకు టీవీ, ఫోన్ అన్నీ కలిపి రోజుకు రెండు గంటల లోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. నా మాట అడిగితే బడి రోజుల్లో గంట చాలు. ఆ గంటలో కాసేపైనా ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండండి. బాక్స్ కిందికి దించేది మీ ఆయనే అయితే మంచిది. "నీ తప్పేం లేదమ్మా, నాకే కోపం వచ్చింది" అని ఒక్క మాట అనగలిగితే ఇంకా మంచిది. ఆ మాట అనడం ఆయనకు కష్టం కావచ్చు, బలవంతపెట్టకండి.

మీ తప్పా అని అడిగారు. చేతినిండా ఆవిరి, పొయ్యి మీద ఉండ్రాళ్లు, బయట పూజ. పిల్లను పిలవలేదని ఇన్ని రోజులు నిద్ర మానుకోవలసిన తప్పేం కాదమ్మా అది. వచ్చే ఏడు పాపను మీ పక్కనే పీట వేసి కూర్చోబెట్టి ఉండ్రాళ్లు చేయించండి. కథ వంటింటి గుమ్మం దాకా వినిపిస్తుంది.

ఇదంతా చేశాక కూడా మూడు నాలుగు వారాల పాటు నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా, బడికి వెళ్లనని మొండికేసినా పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో వారే చెబుతారు.

చివరగా ఆ కిటికీల సంగతి. బలవంతంగా తెరవకండి. మీరుంటున్న చోట ఒక వీలుంది, టెక్కలిలో ఉంటే దొరికేది కాదు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఒడియావాళ్ల ఇళ్లలో కుమార పూర్ణిమ చేస్తారు. పెళ్లికాని ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, నిండు చంద్రుడికి పేలాలు, కొబ్బరి, అరటిపళ్లు, దోసకాయ నైవేద్యం పెట్టి, వెన్నెల్లో పాటలు పాడుతూ గొంతుక్కూర్చుని గెంతే పుచి ఆట ఆడతారు. భాద్రపదంలో చూడొద్దన్న చంద్రుణ్ణే నెల తిరిగేసరికి పిలిచి పూజ చేస్తారన్నమాట. అది అయిన మూడో నాటికి మన అట్లతద్ది. ఆ రోజు చంద్రుణ్ణి చూస్తే గానీ అట్టు ముక్క నోట్లో పెట్టకూడదు. మీ అత్తగారు చిన్నప్పుడు ఉయ్యాలలూగే ఉంటారు, ఆ ముచ్చట పాపకు చెప్పమని అడగండి.

మీ మేడ కింద అద్దెకున్న ఒడియా కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లలున్నారని రాశారు కదా. వాళ్లమ్మగారిని ఇప్పుడే అడిగి ఉంచండి, ఈసారి మా పాపను కూడా మీ పిల్లలతో కూర్చోబెడతారా అని. అరటిపళ్లు, బెల్లం, కొబ్బరి, పేలాలు కలిపి పిసికే చందా చకటాకు ఏం తేవాలో కూడా అడగండి. మీ ఒడియా సరిగా రాకపోయినా ఆవిడకు అర్థమవుతుంది.